ముప్పై వేల వాచీ, మూడు వేల వాచీ

విజయవాడ సత్యనారాయణపురం. ఇంటాయన స్టేషన్ మాస్టరు, ఈ నెలాఖరుకి అరవై నిండి రిటైరవుతున్నాడు. ఆయనకి తెలియకుండా మంచి వాచీ ఒకటి కొనిపెట్టాలని ఇల్లాలి సంకల్పం. చీటీ పాడిన డబ్బులోంచి ముప్పై వేలు పక్కన పెట్టి, గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేస్తున్న ఆడపడుచుని సలహాకి పిలిచింది. సలహా అడిగేవాళ్ళకి చాలాసార్లు కావలసింది ‘సరే’ అనిపించుకోవడమే. ఈ ఆడపడుచు ఊరికే సరే అనే రకం కాదు. ఇద్దరి వాదనా కింద పెడుతున్నాను. ఊరుకోలేక మధ్యలో నేనూ ఒకటి రెండు చోట్ల తలదూర్చాను.

వదిన: ఇదిగో, ఫోన్లో బొమ్మ చూడు. ఆటోమేటిక్. కీ ఇవ్వక్కర్లేదు, సెల్లు వేయించక్కర్లేదు. చెయ్యి ఆడుతుంటే దానంతట అదే తిరుగుతుందిట. వెనకవైపు గాజులోంచి లోపలి మిషనంతా కనిపిస్తుంది. ఇరవై ఎనిమిది వేలు.

ఆడపడుచు: వెనక మిషను కనిపిస్తుంది, బాగుంది. ముందువైపు టైము కనిపిస్తుందా?

వదిన: ఇదేం ప్రశ్న పిల్లా! వాచీలో టైము కనిపించకపోవడమేంటి?

ఆడపడుచు: ముదురు నీలం డయలు. అంకెల చోట సన్నటి వెండి గీతలు. ముళ్ళు కూడా వెండివే, అద్దంలా తళతళలాడుతున్నాయి. ఎండలో నిలబడితే ఆ ముళ్ళు ఆకాశాన్ని చూపిస్తాయి, నీడలో నిలబడితే డయల్లో కలిసిపోతాయి. అన్నయ్యకి చత్వారం వచ్చి ఎన్నేళ్ళయింది? కళ్ళజోడు జేబులో ఉంటుంది తప్ప ముక్కు మీద ఉండదు. ఈ వాచీ కట్టుకుని పక్కవాణ్ణి టైమడుగుతాడు చూడు.

వదిన: చీర కొనేటప్పుడు ఒంటికి చుట్టుకోవడానికి పనికొస్తుందా అని మాత్రమే చూస్తామా? నేత చూస్తాం, అంచు చూస్తాం, కట్టుకుని నలుగురిలోకి వెళ్తే ఎక్కడ కొన్నావని అడుగుతారా లేదా అనీ చూస్తాం. వాచీ మాత్రం ఎందుకు వేరు? టైము కోసమే అయితే గోడ గడియారం మెళ్ళో వేసుకోమను మీ అన్నయ్యని.

ఆడపడుచు: నువ్వు చెప్తే వేసుకుంటాడు పాపం.

వదిన: పైగా రిటైరయ్యాక నిమిషాలతో పనేంటి? ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ బండి ఏ నిమిషానికి వచ్చింది, ఏ నిమిషానికి పోయింది అని రిజిస్టరు రాసి రాసి విసిగిపోయారు. ఇకమీదట టైము ఆయన వెంట పడదు.

ఆడపడుచు: ఆ రిజిస్టరు రాసిన మనిషి కాబట్టే అడుగుతున్నా. మంచం మీంచి లేస్తూనే ముందు మణికట్టు చూసుకుంటాడు. ఆ అలవాటు రిటైర్మెంటు కాగితంతో పోదు. షుగరు మాత్ర అన్నానికి ఎంత ముందు, బీపీ మాత్ర ఎప్పుడు అని ఇప్పుడు ఇంకో రిజిస్టరు మొదలవుతుంది. ఇంకో సంగతి. నువ్వు చూపించిన తరగతి ఆటోమేటిక్ వాచీలు రోజుకి ఇరవై ముప్పై సెకన్లు ముందుకో వెనక్కో నడిచినా కంపెనీవాళ్ళు దాన్ని లోపంగా లెక్కపెట్టరు.

వదిన: రోజుకి అరనిమిషమా? ఇరవై ఎనిమిది వేలు పోసి కొన్నదా?

ఆడపడుచు: స్విట్జర్లాండులో ప్రత్యేకంగా పరీక్ష పెట్టి క్రోనోమీటర్ అని సర్టిఫికెట్ ఇచ్చే వాచీలకే రోజుకి నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకి పోయినా పాసే. మామూలు సెల్లు వాచీ పదిహేను ఇరవై సెకన్లు తేడా చూపించడానికి నెల పడుతుంది. ఒకటి రోజుకి, ఇంకొకటి నెలకి. ఆ తేడా పట్టుకో.

వదిన: అంత చవక సరుకు అంత కచ్చితంగా ఎలా నడుస్తుంది?

ఆడపడుచు: లోపల క్వార్ట్జ్ అనే చిన్న స్ఫటికం ఉంటుంది. సెల్లులోంచి కరెంటు తగిలితే అది సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెని సగం చెయ్యి, మళ్ళీ సగం చెయ్యి, అలా పదిహేనుసార్లు చేసుకుంటూ పోతే ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే సెకనుకోసారి ముల్లుని ముందుకి తోస్తుంది. సీకో కంపెనీ 1969 డిసెంబరు 25న ఆస్ట్రాన్ పేరుతో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ధర 4,50,000 యెన్లు. ఆ రోజుల్లో జపాన్‌లో ఆ డబ్బుకి చిన్న కారు వచ్చేది. అప్పుడు కారు ధర పలికిన కచ్చితత్వం ఇప్పుడు బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద దొరుకుతోంది.

వదిన: తోపుడుబండి మీద దొరికేదాన్ని రిటైర్మెంటు సభలో ఆయన చేతికి ఎలా పెట్టమంటావు? చెప్పేవాళ్ళకేం, చెప్తారు. మా నాన్న పెళ్ళిలో మీ అన్నయ్యకి పెట్టిన హెచ్ఎంటీ జనతా ఇప్పటికీ బీరువాలో ఉంది. కీ ఇస్తే తిరుగుతుంది. నీ సెల్లు వాచీ అన్నేళ్ళు ఉంటుందా?

ఆడపడుచు: నా నోటికి రావలసిన మాట నువ్వే అన్నావు. వెళ్ళి ఆ జనతా పట్రా.

(ఆవిడ బీరువా తెరిచేలోగా ఒక మాట. హెచ్ఎంటీవాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీలు చేయడం మొదలుపెట్టింది 1961లో. అంతకు ముందు మనకి వాచీ అంటే ఎక్కువగా సీమ సరుకే. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టామని చెప్పుకునే తరానికి హెచ్ఎంటీ చేతికందే గౌరవంలా వచ్చింది. డయలు మీద ‘17 జ్యువెల్స్’ అని చదివి లోపల రత్నాలున్నాయని మురిసినవాళ్ళు లేకపోలేదు. ఉన్నవి కృత్రిమ కెంపులే. చక్రాల ఇరుసులు అరిగిపోకుండా పెట్టే బేరింగులవి, అమ్మితే టీ డబ్బులు కూడా రావు. టాటాలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి 1984లో టైటాన్ పెట్టి హోసూరు నుంచి క్వార్ట్జ్ వాచీలు వదిలాక జనం రోజూ కీ ఇవ్వడం మానేశారు. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది.)

వదిన: ఇదిగో. మా నాన్న గుర్తు.

ఆడపడుచు: మీ నాన్నగారికి దండం పెట్టాలి. చూడు: తెల్ల డయలు, దాని మీద ఒకటి నుంచి పన్నెండు దాకా నల్లటి అంకెలు. చుట్టూ నిమిషాల గీతలు. చిన్న ముల్లు పొట్టిగా అంకెల దగ్గరే ఆగింది, పెద్ద ముల్లు నిమిషాల గీతల దాకా చేరింది. పక్కన చిన్న చిన్న డయళ్ళు లేవు, తళుకు లేదు. పేరే జనతా, మరి! నేను అడుగుతున్నది ఇదే. దీన్ని సెల్లుతో నడిచేలా, ఇంకాస్త పెద్దగా చేసినవి మూడు వేల లోపు కావలసినన్ని ఉన్నాయి.

వదిన: అయితే దీన్నే బాగుచేయించి ఇవ్వకూడదా?

ఆడపడుచు: ఇవ్వు, రెండోదిగా ఇవ్వు. రోజూ పెట్టుకోవడానికి మాత్రం కాదు. పొద్దున్నే కీ ఇవ్వాలి, నీళ్ళు తగలకూడదు, డయలు పసుపుబారింది, ఒక ముక్క విరిగితే పాత వాచీ విప్పి తీసిన ముక్కే దిక్కు.

వదిన: సరే, అంకెలు ఉండాలంటావు. మా వాడు జ్యూరిక్ నుంచి పంపిన ఫొటో చూడు. స్టేషన్లో గడియారం. ఒక్క అంకె ఉందేమో వెతుకు. ఉత్త గీతలు. అంకెలు లేకుండానే వాళ్ళ రైళ్ళు నిమిషం తప్పకుండా నడుస్తున్నాయిట. అది కూడా మీ అన్నయ్య లాంటి రైల్వే మనిషి చేసిందే, హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజినీరు, 1944లో. ఇప్పుడు చెప్పు.

ఆడపడుచు: అమ్మో, సిద్ధపడే వచ్చావు. ఆగు, పెద్దగా చేసి చూడనీ... ఒప్పుకున్నాను వదినా. అంకెలు తప్పనిసరి కాదు. కానీ ఆ గీతలు ఎంత లావున ఉన్నాయో చూడు. ముళ్ళు తారు పూసిన పట్టీల్లా ఉన్నాయి. తెల్లటి తెలుపు మీద నల్లటి నలుపు. సెకన్ల ముల్లు ఒక్కటే ఎరుపు, చివర గుండ్రటి బిళ్ళ, రైలుకి జెండా ఊపినట్టు. ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి పరిగెత్తుకొచ్చేవాడికి కనబడాలని చేసినది. నీ ఇరవై ఎనిమిది వేల వాచీలోనూ గీతలే, కానీ అవి సన్నటివి, ముళ్ళు నీడలో డయల్లో కలిసిపోయేవి. అంకెలుంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. ముల్లుకీ డయలుకీ రంగులో తేడా లేకపోతే మాత్రం ఏ అంకెలూ కాపాడలేవు.

వదిన: షాపులో అన్నీ బాగానే కనిపిస్తాయి కదా, అక్కడ ఎలా తెలుసుకోవడం?

ఆడపడుచు: షాపులో వాచీలన్నీ 10 గంటల 10 నిమిషాల దగ్గర ఆగి ఉండటం గమనించావా? ప్రకటనల్లోనూ అంతే. అది వాచీ ఫొటో దిగే భంగిమ. రెండు ముళ్ళూ చెరోవైపు విచ్చుకుని కంపెనీ పేరుకి అడ్డం లేకుండా, తేదీ కిటికీ మూసుకుపోకుండా ఉంటాయి. నువ్వు పిన్ను లాగి ముళ్ళు తిప్పు. మూడుంపావు పెట్టి చూడు, తేదీ ముళ్ళ కింద దాక్కుంటుందేమో. ఒంటిగంట పెట్టి చూడు, పన్నెండు దాటి ఐదు నిమిషాలైనట్టు కనిపిస్తోందా? అయితే ముళ్ళ పొడవుల్లో తేడా చాలదన్నమాట, పెట్టె మూసి వెనక్కిచ్చెయ్యి.

వదిన: షాపువాడు తిడతాడు.

ఆడపడుచు: కొనేదాకా తిట్టడు. గాజు మీది ప్లాస్టిక్ పొర తీయించు. తర్వాత వాచీ పట్టుకుని గుమ్మం దాకా రా. షాపు లోపల పైనుంచి పడే దీపాలు దేన్నయినా మెరిపిస్తాయి. గుమ్మంలో ఎండ పడేచోట చూడు, మెట్ల కింద చీకట్లో చూడు. కళ్ళజోడు తీసెయ్యి. చెయ్యి మామూలుగా ఎంత దూరాన ఉంటుందో అంత దూరాన పెట్టి, ఒక్క చూపు చూసి చెయ్యి దించేసి టైమెంతో చెప్పు. తడుముకున్నావా, ఆ వాచీ నీది కాదు.

(ఈ పరీక్ష నాకు బాగా నచ్చింది. వాచీల గురించి పేజీలకి పేజీలు రాసేవాళ్ళు ఉక్కు రకం గురించీ స్ప్రింగు గురించీ రాస్తారు, ఒక్క చూపులో టైము తెలుస్తోందా అన్నది చాలామంది రాయరు. కొనబోయే మనిషి చెయ్యే, కన్నే పెట్టి చూడాలి గనక, అమ్మేవాడికి ఆ పరీక్ష మీద ఆసక్తి ఉండదు.)

వదిన: నీకెందుకు అంత పట్టింపు? నువ్వేం రైళ్ళు నడుపుతున్నావా?

ఆడపడుచు: డ్రిప్పులు నడుపుతున్నాను. డాక్టరు 500 ఎంఎల్ సీసా ఐదు గంటల్లో ఎక్కించమంటాడు. ఎంఎల్‌కి ఇరవై చుక్కలు పడే సెట్టయితే నిమిషానికి 33 చుక్కలు. అన్ని చోట్లా పంపు మిషన్లు ఉండవు. ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను సెకన్ల ముల్లు మీద పెట్టి చేత్తో చక్రం తిప్పి సరిచెయ్యాలి. రాత్రి పూట, పేషెంట్లు లేస్తారని సగం దీపాలు ఆర్పేసిన వార్డులో. అప్పుడు తెలుస్తుంది, మెరిసే ముల్లు ఎందుకు కొన్నానా అని.

వదిన: అలాంటప్పుడు అంకెలు పడే డిజిటల్ వాచీ హాయి కదా. మా తమ్ముడి కొడుకు నల్ల క్యాసియో పెట్టుకుంటాడు. దాని సెల్లు ఏడేళ్ళు వస్తుందిట.

ఆడపడుచు: ఎఫ్-91డబ్ల్యూ అయ్యుంటుంది. 1989లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. బరువు 21 గ్రాములు, కట్టుకున్నట్టే ఉండదు. చవకలో మంచి వాచీ అంటే నేనూ దాని పేరే చెప్తాను. ఎండ ఎంత ఉంటే అంత స్పష్టంగా కనిపిస్తుంది. కానీ నాడి చూసేటప్పుడు దానితో తంటా. మనసులో పదిహేడు, పద్దెనిమిది అని కొట్టుకోవడం లెక్కపెడుతుంటాను, కంటి ముందు నలభై మూడు, నలభై నాలుగు అని సెకన్లు మారుతుంటాయి. రెండు లెక్కలూ గుద్దుకుంటాయి. ముల్లయితే లెక్కపెట్టక్కర్లేదు. పైనుంచి కిందికి దిగితే అరనిమిషం, అంతే. అన్నయ్యకి డ్రిప్పులు లేవు గానీ ఆయన చూపు కూడా ముళ్ళకే అలవాటు. ఇంకా ఎంతసేపుంది అన్నది ముళ్ళ మధ్య జాగా చూస్తే తెలుస్తుంది, అంకెలు చూస్తే తీసివేత చెయ్యాలి.

వదిన: మరి నీ చేతికి ఆ మగవాళ్ళ వాచీ ఏంటి? చూడలేక చస్తున్నా.

ఆడపడుచు: ఆడవాళ్ళ వాచీ అని అమ్మేదాన్ని ఎప్పుడైనా చూశావా? అర్ధరూపాయి బిళ్ళంత డయలు. అంకెలుండవు, వాటి చోట నాలుగు రాళ్ళు. సెకన్ల ముల్లు చాలావాటికి ఉండనే ఉండదు. గులాబీ డయలు మీద గులాబీ బంగారం ముళ్ళు. ఆడదానికి టైముతో పనిలేదని ఎవరు చెప్పారో వీళ్ళకి! వార్డులో సెకన్లు లెక్కపెట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. అందుకే మగవాళ్ళ అరలోంచి 36 మిల్లీమీటర్లది ఏరుకుని తెచ్చుకున్నాను. అన్నయ్య మణికట్టుకి 38 నుంచి 40 సరిపోతుంది. అంతకు మించితే సభలో మైకు బదులు వాచీయే కనిపిస్తుంది.

వదిన: నేను చూపించినదాంట్లో రాత్రి వెలిగే రేడియం ముళ్ళున్నాయి. దానికేం వంక పెడతావు?

ఆడపడుచు: మనం రేడియం అంటాం గానీ అది ఇప్పుడు రేడియం కాదు, అదృష్టం. 1920ల్లో అమెరికాలో న్యూజెర్సీ ఆడపిల్లలు డయళ్ళకి నిజం రేడియం రంగు వేస్తూ, కుంచె మొన తేలడానికి నోట్లో పెట్టుకుని దవడలు కుళ్ళిపోయి చనిపోయారు. ఇప్పుడు వాడేది వెలుతురుని పీల్చి వదిలే పదార్థం, భయం లేదు. దీపం ఆర్పగానే బ్రహ్మాండంగా వెలుగుతుంది, తెల్లవారుజామున నిద్రలేచి చూసేసరికి డీలా పడుతుంది. ముళ్ళకి సన్నటి గీతలా పూసినది షాపువాడి అరచేతి చాటున తప్ప ఎక్కడా వెలగదు. ఆ పూత వెడల్పుగా ఉంటేనే లెక్కలోకి తీసుకో. లేకపోతే టైమెక్స్‌వాళ్ళవి కొన్ని ఉంటాయి, పిన్ను నొక్కితే డయలంతా వెలుగుతుంది. 1992 నుంచీ చేస్తున్నారు, ఇండిగ్లో అంటారు. రాత్రి లేచే అలవాటున్న పెద్దవాళ్ళకి దానికి మించింది లేదు.

వదిన: నీళ్ళ మాటో? 30 మీటర్లు అని రాసుంది. కృష్ణలో మునిగినా ఏమీ కాదన్నమాట.

ఆడపడుచు: మునిగితే పోతుంది. 30 మీటర్లంటే చేతులు కడుక్కునేటప్పుడు తుంపర పడితే ఫరవాలేదని. అది కదలని నీటిలో ఒత్తిడి పెట్టి చూసిన లెక్క, ఆ లోతుకి దిగమని కాదు. 50 ఉంటే వానకీ బిందెలు కడగడానికీ నిశ్చింత. ఈత కొడితే 100. వేన్నీళ్ళు, సబ్బు అయితే ఎంత రాసున్నా రబ్బరుని పాడుచేస్తాయి. అన్నయ్యని స్నానానికి ముందు తియ్యమను.

వదిన: తోలు బెల్టయితే హుందాగా ఉంటుంది. అది మాత్రం వదలను.

ఆడపడుచు: ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ చెమటకి తోలు బెల్టు వాసన రావడానికి ఎన్ని రోజులు పడుతుందో నీకు తెలీదా? సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి. ఒక్కటి చూడు: బెల్టు వెడల్పు 18 గానీ 20 గానీ, లేదా 22 మిల్లీమీటర్లుండాలి, చివర్లు తిన్నగా ఉండాలి. అలాంటిదానికి ఏ వీధి షాపులోనైనా బెల్టు దొరుకుతుంది. వంకర కొసలతో ప్రత్యేకంగా అచ్చుపోసిన బెల్టు ఉన్న వాచీ కొన్నావా, అది తెగితే కంపెనీవాడి దయ. ఎండాకాలం నైలాను, సభలకి తోలు. మార్చుకోవడం రెండు నిమిషాల పని.

వదిన: సెల్లు అయిపోతే?

ఆడపడుచు: రెండు మూడేళ్ళకోసారి. చాలా వాచీల్లో సెకన్ల ముల్లు ఒక్కొక్క సెకను కాకుండా నాలుగేసి సెకన్లు ఒకేసారి గెంతడం మొదలెడితే సెల్లు చివరికొచ్చిందని చెప్పడం. ఆగిపోయిన వాచీని సొరుగులో పడెయ్యకూడదు, సెల్లు కారి మిషన్ని తినేస్తుంది. వేయించేటప్పుడు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు అడిగి వేయించు. ఆల్కలైనుది చవక, త్వరగా అయిపోతుంది, కారే భయం కూడా దానితోనే ఎక్కువ. సెల్లు వేసేవాడు మూత సరిగా నొక్కకపోతే ఆ 50 మీటర్ల హామీ అక్కడితో సరి.

వదిన: మా వాడు స్మార్టు వాచీ కొనమన్నాడు. గుండె కూడా చూస్తుందిట.

ఆడపడుచు: రోజో, నాలుగు రోజులో అయ్యేసరికి చార్జింగు. ఫోను ఒకటి పెట్టడమే మర్చిపోతాడు అన్నయ్య.

వదిన: అది నిజమేలే. ఇక డబ్బు సంగతికి వద్దాం. ముప్పై వేలకీ మూడు వేలకీ తేడా ఏమీ లేదంటే నేను నమ్మను. ఊరికే అంత పెడతారా జనం?

ఆడపడుచు: ఏమీ లేదని నేనూ అనను. మూడు వేల దాకా పెట్టే డబ్బుకి గాజు బాగుపడుతుంది, నీటి మూత బాగుపడుతుంది, పైపూత పోయే లోహం బదులు అసలు స్టీలు వస్తుంది. ఇంకాస్త పెడితే సఫైర్ గాజు వస్తుంది. అది పనికొచ్చేదే, తాళాలు తగిలినా గీత పడదు. కానీ పైన పూత లేకపోతే మామూలు గాజు కంటే ఎక్కువ మెరుస్తుంది, గట్టిగా కింద పడితే పగులుతుంది కూడా. ఇంకో ఖర్చు వెలుతురుతో నడిచేవి, సెల్లు మార్చే గొడవ ఏళ్ళ తరబడి ఉండదు, వాటికీ దండం పెడతాను. ఆ పైన పెరిగేదంతా పనితనం, పేరు. పనితనాన్ని తప్పు పట్టను. చేతిలో నగలా ఉంటుంది. నగ కొనాలనుకుంటే నగ అనే కొను, అన్నయ్యకి టైము కోసమని అనకు. అలాగని 5,999 మీద గీత కొట్టి 799 అన్నవాడి దగ్గరికీ వెళ్ళకు. ఆ మొదటి అంకెకి ఎవరూ ఎప్పుడూ కొని ఉండరు.

వదిన: నా అసలు మాట నీకింకా అర్థం కాలేదు. మీ అన్నయ్య తనకోసం ఎప్పుడు ఏం కొనుక్కున్నారు? చెప్పులు అరిగితే నేను దాచేస్తే గానీ కొత్తవి తెచ్చుకోరు. మూడు వేల వాచీ ఆయనే కొనుక్కోగలరు. తాను కొనుక్కోలేనిది, కొనుక్కోనిది ఇస్తేనే అది కానుక. కనబడటం, వినబడటం కాదు నేను చెప్పేది.

(ఈ మాటకి ఆడపడుచు వెంటనే జవాబివ్వలేదు. నాకూ జవాబు తోచలేదు. లెక్కలు వేసి కాదనే మాట కాదది.)

ఆడపడుచు: నువ్వన్నది నిజమే. కానీ ఆ ముప్పై వేలది ఇస్తే ఏమవుతుందో నీకు నాకంటే బాగా తెలుసు. సభ అయిపోగానే డబ్బాలో పెట్టి బీరువాలో పెడతాడు. రైతుబజారుకి పెట్టుకెళ్ళడు, గీత పడుతుందని. వాకింగుకి పెట్టుకెళ్ళడు, ఎవడైనా లాక్కుంటాడని. ఆటోమేటిక్ కదా, చేతికి లేకపోతే నలభై గంటలకి అటూ ఇటూగా ఆగిపోతుంది. మూణ్ణెల్లకోసారి ఏదో పెళ్ళికి బయటికి తీసి, టైము పెట్టి, తేదీ తిప్పి, కళ్ళజోడు వెతుక్కుని... నాలుగైదేళ్ళకి సర్వీసింగు అంటే వేలల్లో అడుగుతారు. అప్పుడు అసలు తియ్యడం మానేస్తాడు. మీ నాన్నగారి జనతా ఇన్నేళ్ళు అరిగింది ఎందుకు? ధర చూసి భయపడకుండా అన్నయ్య రోజూ కట్టుకున్నాడు గనక.

వదిన: బీరువాలో పెట్టడం మాత్రం ఖాయం. పెళ్ళిలో పెట్టిన పట్టుపంచె మడత ఇంకా విప్పలేదు.

ఆడపడుచు: మరి!

వదిన: అయితే ఇలా చేద్దాం. తెల్ల డయలు, నల్ల ముళ్ళు, నల్ల అంకెలు. సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటే నీ స్విట్జర్లాండు ముచ్చట కూడా తీరుతుంది.

ఆడపడుచు: స్విట్జర్లాండు నాది కాదు, నీది.

వదిన: ఎవరిదైతే ఏం. గోధుమరంగు తోలు బెల్టు, దానితోపాటు ఎండాకాలానికి నైలాను. 50 మీటర్లు. మూడు వేలు దాటనివ్వను. జనతాని కూడా శుభ్రం చేయించి పక్కనే పెడతాను. మిగిలిన డబ్బు?

ఆడపడుచు: ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అరవై దాటాక కనబడకపోవడం అంతా చత్వారమే కాకపోవచ్చు, శుక్లం మొదలైతే తెలుపూ నలుపూ తేడా కూడా మసకబారుతుంది, దీపం చూస్తే చెదురుతుంది. అద్దాల నంబరు మార్చాలంటే దూరానికీ దగ్గరకీ కలిపి ఒకే జత మంచివి చేయించు. ఆ ఖర్చు వాచీ కంటే ఎక్కువే అవుతుంది, అవనీ. ఏ వాచీ అయినా అప్పుడే కనబడుతుంది.

వదిన: ఒక్కటి మాత్రం నా ఇష్టం. వెనక మూత మీద ఆయన పేరు, రిటైరైన తేదీ చెక్కిస్తాను. గాజు మూత ఉన్నదాని మీద ఎలాగూ చెక్కలేరు, స్టీలుదైతే నయం. ఇది ఆయన కొనుక్కోగలిగే వాచీయే అనుకో, పేరు చెక్కించుకునే మనిషి మాత్రం కాదు కదా.

ఆడపడుచు: ఆ మాటకి నేను ఓడిపోయాను. చెక్కించు. కానీ ఓ వారం పదిరోజుల ముందే కొని, ఏదో వంక చెప్పి ఆయన చేత ఒకసారి టైము చదివించి చూడు, ఆ తర్వాతే చెక్కించు. పేరు పడ్డాక షాపువాడు మార్చి ఇవ్వడు. బిల్లూ, షాపు ముద్రా తేదీ పడిన వారంటీ కార్డూ అడిగి తీసుకుని ఆ డబ్బాలోనే ఉంచు.